నమ్మకం, పోటీ, సహకారం: కులం మీద ప్రయోగాలు ఏం తేల్చాయి? కారంచేడు చెరువు గట్టు మీద నుంచి ఒక పరిశీలన

1985 జులై 16. చీరాల పక్కనే ఉన్న కారంచేడు. మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు దగ్గర ఒక కమ్మ యువకుడు గేదెలకు కుడితి పెట్టిన బకెట్టు కడుగుతున్నాడు. మురికి చెరువులో పడుతోంది. ఇది తప్పు అని ఒక మాదిగ కుర్రాడు అన్నాడు. అతని మీదికి చెయ్యి లేచింది. నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డం నిలిచారు. మర్నాడు, జులై 17న, ఊరి భూస్వామ్య కులం వాళ్లు గుంపుగా మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. ఆడపిల్లల మీద అత్యాచారాలు చేశారు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల చేరి శిబిరం వేసుకున్నారు.

కారంచేడును హత్యాకాండగా, ఉద్యమ చరిత్రగా, కోర్టు కేసుగా చాలామంది రాశారు. ఈ వ్యాసం ఇంకో వైపు నుంచి చూస్తుంది. చెరువు ఉమ్మడి ఆస్తి. దాన్ని ఒకరు పాడుచేస్తుంటే అడ్డుకునేది ఎవరు? అడ్డుకున్నందుకు మూల్యం చెల్లించేది ఎవరు? ఆ మూల్యం తరతరాలుగా ఒకే వైపు పడుతుంటే మనుషుల్లో నమ్మకం, పోటీపడే తెగువ, కలిసి నిలబడే అలవాటు ఏమవుతాయి?

ప్రయోగాత్మక అర్థశాస్త్రం అనే శాఖ సరిగ్గా ఈ ప్రశ్నల మీదే పనిచేస్తుంది. అందులో కులం మీద జరిగిన ముఖ్యమైన ప్రయోగాలు ఏమిటి, అవి ఏం తేల్చాయి, ఏం తేల్చలేవు అన్నది ఒకచోట చెప్పడమే ఇక్కడి ఉద్దేశం. ‘దళితుల్లో ఐక్యత లేదు’, ‘వాళ్లకు పోటీతత్వం తక్కువ’ అనే మాటలు ఆఫీసుల్లో, కాలేజీల్లో, టీవీ చర్చల్లో రోజూ వినిపిస్తుంటాయి. వాటికి జవాబు చెప్పడానికి ఈ లెక్కలు పనికొస్తాయి.

ప్రయోగాత్మక అర్థశాస్త్రం అంటే

అర్థశాస్త్రం చాలాకాలం మనిషిని ఒక లెక్కల యంత్రంలా చూసింది. తన లాభం తప్ప ఇంకేమీ పట్టనివాడు అనుకుంది. నిజంగా మనుషులు అలాగే ఉంటారా అని తెలుసుకోవాలంటే వాళ్లను కూర్చోబెట్టి, చేతికి నిజమైన డబ్బులిచ్చి, నిర్ణయాలు తీసుకోమని చూడాలి. ఆ పద్ధతికి పునాది వేసినవారిలో ముఖ్యుడైన వెర్నన్ స్మిత్‌కు 2002లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. ఉమ్మడి వనరులను జనం ఎలా కాపాడుకుంటారో ఊళ్లలోనూ ప్రయోగశాలల్లోనూ చూసిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో వచ్చింది. ఆ బహుమతి అందుకున్న తొలి మహిళ ఆమె.

ఈ ప్రయోగాల్లో రెండు ఆటలు తెలిస్తే మిగతావి సులువుగా అర్థమవుతాయి.

మొదటిది ఉమ్మడి కుండ ఆట. నలుగురికి తలా 100 రూపాయలిస్తారు. ఎవరికి తోచినంత వాళ్లు కుండలో వేయొచ్చు. కుండలో పడ్డ మొత్తాన్ని రెట్టింపు చేసి నలుగురికీ సమానంగా పంచుతారు. అందరూ మొత్తం వేస్తే ఒక్కొక్కరికి 200 వస్తాయి. ముగ్గురు వేసి ఒకరు ఎగ్గొడితే, వేసినవాళ్లకు 150, ఎగ్గొట్టినవాడికి 250. ఎగ్గొడితేనే లాభం కనక రౌండ్లు గడిచేకొద్దీ కుండలో డబ్బు తగ్గిపోతుంది. చెరువు, బోరు, వీధి దీపం, యూనియన్ చందా అన్నీ ఈ కుండ లాంటివే.

ఎర్నెస్ట్ ఫెర్, సైమన్ గాష్టర్ 2000లో దీనికి ఒక మార్పు చేశారు. ఎగ్గొట్టినవాడికి మిగతావాళ్లు జరిమానా వేయొచ్చు, కాకపోతే జరిమానా వేసినవాళ్లు కూడా తమ జేబులోంచి కొంత పోగొట్టుకోవాలి. సొంత లాభమే చూసుకునేవాళ్లయితే ఎవరూ వేయకూడదు. కానీ వేశారు. కుండ మళ్లీ నిండింది. అంటే సహకారం మంచితనం వల్ల మాత్రమే నిలబడదు. తప్పు చేసినవాణ్ణి నిలదీయడానికి ఖర్చు పెట్టుకునే మనుషులు ఉంటేనే నిలబడుతుంది.

రెండోది నమ్మకం ఆట. 1995లో బెర్గ్, డిక్‌హాట్, మెక్‌కేబ్ అనే ముగ్గురు దీన్ని తయారుచేశారు. ఒకరి దగ్గర 10 డాలర్లు ఉంటాయి. ముక్కూ మొహం తెలియని రెండోవారికి అందులో ఎంతైనా పంపొచ్చు. పంపింది మూడింతలవుతుంది. రెండోవారు తిరిగి ఎంత ఇస్తారో వారిష్టం. మొదటి ప్రయోగంలో 32 మందిలో 30 మంది ఎంతోకొంత పంపారు. ఎదుటి మనిషి మోసం చేయడన్న నమ్మకం ఉంటేనే ఆ డబ్బు చేయి దాటుతుంది.

పోటీ: పేరు పక్కన కులం చదివితే

కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో చేసిన ప్రయోగం 2004లో ప్రపంచ బ్యాంకు పరిశోధన పత్రంగా వచ్చింది. అగ్రకులాల అబ్బాయిలు 321 మంది, దళిత అబ్బాయిలు 321 మంది. అందరూ ఆరు, ఏడు తరగతుల వయసు పిల్లలు. ఒక్కో విడతలో ఆరుగురిని కూర్చోబెట్టారు. చేయాల్సిన పని, ఆదివారం అనుబంధాల్లో పిల్లల పేజీలో వచ్చే ‘దారి కనుక్కోండి’ బొమ్మల్లాంటివి 15 నిమిషాల్లో వీలైనన్ని పూర్తిచేయడం. పూర్తయిన ప్రతి బొమ్మకూ రూపాయి.

కులం ప్రస్తావన లేకుండా ఆడించినప్పుడు రెండు వర్గాల పిల్లల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. తర్వాత ఇంకో ఏర్పాటు చేశారు. ఆట మొదలయ్యే ముందు ఒక్కో పిల్లవాడి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ పైకి చదివారు. అంతే. బొమ్మలు అవే, సమయం అంతే, డబ్బు అంతే. దళిత పిల్లలు పూర్తిచేసిన బొమ్మల సంఖ్య బాగా పడిపోయి, రెండు వర్గాల మధ్య పెద్ద తేడా వచ్చింది. ఆరుగురిలో నెగ్గినవాడికే బొమ్మకు 6 రూపాయల చొప్పున, మిగతావాళ్లకు సున్నా అని పోటీ పెట్టినప్పుడూ కులం బయటపెడితే ఆ తేడా కనిపించింది.

ఎందుకు? పరిశోధకులు ఇంకో మెలిక పెట్టారు. బహుమతి ఎవరికన్నది మనిషి చేతిలో కాకుండా చీటీ తీసి తేల్చే పద్ధతి తెచ్చారు. కులం చదివినా ఈసారి తేడా మాయమైంది. రెండో ప్రయోగంలో పిల్లలను పందెం కాస్తారా అని అడిగారు. గెలుపు ఓటములు నిర్వాహకుడి విచక్షణ మీద ఆధారపడి, కులం కూడా బయటపడినప్పుడు దళిత పిల్లలు పందేనికి వెనకాడారు. వాళ్లు నమ్మనిది తమ తెలివిని కాదు, మార్కులేసే మనిషిని. కష్టపడ్డా ఫలితం ఇవ్వరన్న అంచనా వాళ్ల అనుభవంలోంచి వచ్చింది.

అదే పరిశోధనలో, పిల్లలను కులాలవారీగా వేరుచేసి కూర్చోబెట్టినప్పుడు అగ్రకులాల పిల్లల పనితనం కూడా తగ్గింది. ఈ ఫలితాన్ని ప్రపంచ బ్యాంకు 2015 ప్రపంచ అభివృద్ధి నివేదికలో ప్రస్తావించింది.

పోటీతత్వం పుట్టుకతో వచ్చే గుణం కాదని చెప్పే ప్రయోగం ఇంకొకటి ఉంది. నీజీ, లెనార్డ్, లిస్ట్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో బంతిని బకెట్టులో వేసే చిన్న ఆటను రెండుచోట్ల ఆడించారు. టాంజానియాలోని మసాయి సమాజంలో మగవాళ్లలో సగం మంది పోటీ పద్ధతిని ఎంచుకుంటే, ఆడవాళ్లలో 26 శాతం మందే ఎంచుకున్నారు. ఆస్తి తల్లి నుంచి కూతురికి వెళ్లే మేఘాలయ ఖాసీ సమాజంలో ఇది తలకిందులైంది. ఆడవాళ్లలో 54 శాతం, మగవాళ్లలో 39 శాతం. ఎవరు బరిలోకి దిగుతారన్నది ఆ సమాజం ఎవరికి చోటిచ్చిందన్న దాని మీద ఆధారపడి ఉంది.

నిలదీయడం: ఉన్నావ్ ప్రయోగం

కారంచేడుకు బాగా దగ్గరగా వచ్చేది కార్లా హాఫ్, మయూరేశ్ క్షేత్రమాదే, ఎర్నెస్ట్ ఫెర్ 2011లో ప్రచురించిన ‘కులం, శిక్ష’ అధ్యయనం. ఇది కూడా ఉత్తరప్రదేశ్‌లోనే జరిగింది.

ఆటలో ముగ్గురు. మొదటివాడికి, రెండోవాడికి చెరో 50 రూపాయలు. మొదటివాడు తన 50 పంపితే అది 150 అయి రెండోవాడికి చేరుతుంది. అప్పుడు రెండోవాడి దగ్గర 200 ఉంటాయి. న్యాయంగా 100 తిరిగి ఇవ్వొచ్చు, మొత్తం మింగేయొచ్చు. మూడోవాడు మొదటివాడి వర్గం మనిషి. అతని దగ్గర 100 రూపాయలు ఉంటాయి. అతను 2 రూపాయలు ఖర్చుపెడితే మోసం చేసినవాడికి 10 రూపాయలు కోత పడుతుంది. అంటే తనవాడికి జరిగిన అన్యాయం మీద సొంత ఖర్చుతో నిలదీసే అవకాశం.

ఫలితం: తమవాడికి మోసం జరిగినప్పుడు అగ్రకులాల ఆటగాళ్లు ఎక్కువగా శిక్షించారు. దళిత ఆటగాళ్లు చాలా తక్కువగా శిక్షించారు. ఆస్తి, చదువు, రాజకీయ అనుభవం లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. మనిషి కులాన్ని ఎంచుకుని పుట్టడు కనక, ఇది కులవ్యవస్థలో ఉన్న స్థానం వేసిన ముద్రేనని పరిశోధకులు తేల్చారు.

ఈ ఫలితాన్ని తప్పుగా చదవడం చాలా తేలిక. ‘చూశారా, వాళ్లలో వాళ్లకే పట్టింపు లేదు’ అనేయొచ్చు. అలా అనేముందు ఇంకో రెండు ప్రయోగాలు చూడాలి.

నికోస్ నికిఫొరాకిస్ 2008లో ఉమ్మడి కుండ ఆటకు ఒక రౌండు జోడించాడు. జరిమానా పడ్డవాడు తిరిగి జరిమానా వేసినవాడిని దెబ్బకొట్టొచ్చు. ఎదురుదెబ్బకు వీలుండేసరికి నిలదీసేవాళ్లు తగ్గిపోయారు. సహకారం పడిపోయింది. అక్కడ ఆడింది దళితులు కాదు, యూరప్ విశ్వవిద్యాలయ విద్యార్థులు. పోయేది కొన్ని నాణేలు. అంతమాత్రానికే వాళ్లు వెనక్కి తగ్గారు. అదే ఏడాది హెర్మన్, టోనీ, గాష్టర్ ప్రపంచంలోని 16 చోట్ల ఈ ఆట ఆడించారు. కొన్నిచోట్ల కుండలో ఎక్కువ వేసినవాళ్లకే ఎదురు జరిమానాలు పడ్డాయి. మంచి పని చేసినవాణ్ణి శిక్షించే చోట కుండ నిండలేదు.

ఇప్పుడు చెరువు గట్టు మీదికి వద్దాం. సువార్త బిందె ఎత్తడం, ఆ కుర్రాడు తప్పని చెప్పడం ఆటలో మూడోవాడు పెట్టే ఖర్చు లాంటిదే. ఉమ్మడి నీళ్లు పాడుచేసినవాణ్ణి నిలదీశారు. ఎదురుదెబ్బగా వచ్చింది ఆరు ప్రాణాలు. ఉన్నావ్‌లోని ఆటగాడు 2 రూపాయలు ఖర్చుపెట్టడానికి వెనకాడితే, అతని లెక్కలో ఉన్నది 2 రూపాయలు కాదు. ఊళ్లో తరతరాలుగా చూసిన ఎదురుదెబ్బలు. ఆ భయం వ్యక్తిత్వ లోపం కాదు, అనుభవం నేర్పిన లెక్క.

సహకారం ఎప్పుడూ మంచిదేనా?

సహకారం అనగానే మంచి మాటగా తోస్తుంది. కారంచేడులో మాదిగపల్లె మీద పడ్డ గుంపు కూడా సహకారమే. ఒకరి కోపం వందల మంది కోపమైంది. ఆయుధాలు, మనుషులు, ట్రాక్టర్లు కలిసొచ్చాయి.

పాపువా న్యూగినీలో బెర్న్‌హార్డ్, ఫిష్‌బాకర్, ఫెర్ 2006లో చేసిన ప్రయోగం ఈ రెండో ముఖాన్ని చూపించింది. మూడో మనిషికి శిక్షించే అవకాశమిస్తే, దెబ్బతిన్నది తన తెగవాడైనప్పుడు ఎక్కువగా శిక్షించాడు. తన తెగవాళ్లను ఒకరకంగా, బయటివాళ్లను ఇంకోరకంగా చూడటం మనుషుల్లో విస్తారంగా ఉన్న గుణం. కులవ్యవస్థ చేసిందేమిటంటే ఆ గుణానికి భూమి, నీళ్లు, పోలీసు స్టేషను, గుడి జోడించి ఒక వైపే బలాన్ని పోగుచేసింది. కులం పనిని విభజించడమే కాదు, పనిచేసే మనుషులనే విడగొడుతుందని అంబేద్కర్ 1936లోనే వాదించారు.

ఆంధ్రప్రదేశ్‌లో కాలువ కింది గ్రామాల మీద రాబర్ట్ వేడ్ 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ అనే పుస్తకం రాశాడు. ఇది ప్రయోగం కాదు, క్షేత్ర పరిశీలన. నీటికి కటకట ఉన్న ఊళ్లలో రైతులు కలిసి నీరుకట్టువాళ్లను, పొలం కాపలావాళ్లను పెట్టుకున్నారని చూపించాడు. సహకారానికి మంచి ఉదాహరణగా దీన్ని ప్రపంచమంతా చదువుతారు. మన వైపు నుంచి అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. పొలం ఉన్నవాళ్ల ఉమ్మడి నిర్ణయంలో పొలం లేని కూలీకి చోటెక్కడ?

ఒకే జట్టు, ఎదురు జట్టు

వేర్వేరు కులాలవాళ్లు కలిస్తే విద్వేషం తగ్గుతుందా? ఎలా కలిశారన్న దాన్ని బట్టి ఉంటుంది. మ్యాట్ లో 2017లో ఉత్తరప్రదేశ్‌లో 8 క్రికెట్ లీగులు నడిపి ఈ విషయం చూశాడు. మొత్తం 1,261 మంది యువకులు. ఎవరు ఆడాలి, ఎవరు ఆడకూడదు, ఆడేవాళ్లలో ఎవరు ఒకే కులం జట్టులోకి, ఎవరు కలగలిసిన జట్టులోకి అన్నది చీటీల పద్ధతిలో నిర్ణయించారు.

కలగలిసిన జట్టులో ఒకరికొకరు తోడుగా ఆడినవాళ్లకు ఇతర కులాల స్నేహితులు పెరిగారు. మెరుగైన శిక్షణకు ఎవరిని పంపాలని ఓటు వేయమంటే సొంత కులం వైపు మొగ్గు తగ్గింది. జత కుదరని వస్తువులిచ్చి మార్చుకుని జత చేసుకోమంటే కులం దాటి మార్చుకుని లాభపడ్డారు. ఎదురు జట్టుగా మాత్రమే వేరే కులంవాళ్లను చూసినవాళ్లలో ఇందుకు విరుద్ధమైన ధోరణి కనిపించింది. కలిసి కూర్చోవడం ఒక్కటే సరిపోదు. ఒకే లక్ష్యం ఉండాలి, ఒకరి గెలుపు ఇంకొకరి ఓటమి కాకూడదు.

దళిత ఉద్యమం తన లోపలికి కూడా ఈ ప్రశ్న వేసుకోక తప్పదు. మాలలు, మాదిగలు ఒకే జట్టుగా నిలబడిన సందర్భాలు ఉన్నాయి. ఉద్యోగాలు, సీట్లు అనే పరిమితమైన వాటా దగ్గర ఎదురెదురుగా నిలబడిన సందర్భాలూ ఉన్నాయి. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగ దండోరా నుంచి 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దాకా ఈ వాదం నడుస్తూనే ఉంది. న్యాయమైన వాటా అడగడం ఒకటి, మిగతా 85 శాతం చోటు ఎవరి చేతిలో ఉందో మరచిపోవడం ఇంకొకటి. ప్రయోగాలు ఏ పక్షం సరైందో చెప్పవు. బహుమతి ఎలా పంచుతారన్న నియమమే మనుషులను తోటి ఆటగాళ్లుగానో ప్రత్యర్థులుగానో మారుస్తుందని మాత్రం చెబుతాయి.

పని, కూలి, కులం

డబ్బు ఎక్కువిస్తే ఎవరైనా ఏ పనైనా చేస్తారని మార్కెట్ సిద్ధాంతం. ఒడిశా గ్రామాల్లో సువాన్నా ఓ 630 మంది కూలీలతో దీన్ని పరీక్షించింది. ఈ అధ్యయనం 2023లో అచ్చయింది. చెప్పులు కుట్టడం, మరుగుదొడ్డి ఊడ్చడం, బట్టలు ఉతకడం లాంటి పనులు రోజులో కాసేపు చేస్తే అదనపు కూలి ఇస్తామన్నారు. తమ కులానికి చెందని పని, ముఖ్యంగా తమకన్నా కిందివనుకునే కులాల పని అనగానే చాలామంది కాదన్నారు. కేవలం 10 నిమిషాల పనికి పది రోజుల కూలి ఇస్తామన్నా 43 శాతం మంది ఒప్పుకోలేదు. ఎవరికీ తెలియకుండా చేయొచ్చన్నా మాట మార్చుకోలేదు. పారిశుధ్యం పనిలో తరాల తరబడి ఒకే కులాల వాళ్లు ఎందుకు మిగిలిపోతున్నారో చెప్పడానికి ‘వాళ్లే ఇష్టపడి చేస్తున్నారు’ అనే జవాబు ఈ లెక్క ముందు నిలవదు.

పట్టణ ఉద్యోగాల సంగతి సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించారు. పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు, అనుభవం సమానం. తేడా పేరులోనే. దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరుతో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులే ఉంది. ఉత్తరప్రదేశ్ పిల్లలు మార్కులేసే మనిషిని ఎందుకు నమ్మలేదో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది.

తెలుగు నేల మీద జరిగినవి

ఆంధ్రప్రదేశ్ ఈ తరహా పరిశోధనలో ప్రపంచానికి తెలిసిన చోటు. 2005లో మొదలుపెట్టి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఇక్కడి గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో టీచర్ల బోనస్ ప్రయోగం చేశారు. 100 బడుల్లో పిల్లల చదువు మెరుగైతే బడిలోని టీచర్లందరికీ ఉమ్మడి బోనస్. 100 బడుల్లో ఎవరి తరగతికి వారి బోనస్. ఇంకో 100 బడుల్లో ఏ బోనసూ లేదు. రెండేళ్లలో బోనస్ బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ ముందుకెళ్లారు. మొదటి ఏడాది ఉమ్మడి, విడి బోనస్‌లు రెండూ ఒకేలా పనిచేశాయి. రెండో ఏడాది నుంచి విడి బోనస్ ముందుకు పోయింది. కలిసి కష్టపడే ఏర్పాటు నిలవాలంటే కాలం గడిచేకొద్దీ నమ్మకాన్ని పునరుద్ధరించే పని కూడా ఉండాలన్నది దీన్నుంచి తీసుకోగల పాఠం.

రాయలసీమ ఊళ్లలో రూత్ మైన్‌జెన్-డిక్ బృందం భూగర్భ జలాల ఆట ఆడించింది. దాని ఫలితాలు 2016లో వచ్చాయి. నీళ్లు ఎక్కువ తాగే పంటా, తక్కువ తాగే పంటా అని ఆటగాళ్లు ఎంచుకుంటారు. అందరూ మొదటిది ఎంచుకుంటే నీటిమట్టం పడిపోతుంది. ఇక్కడ ఆట పరిశోధకుల కోసమే కాకుండా, ఊరు కూర్చుని తన బోర్ల గురించి మాట్లాడుకోవడానికి సాధనమైంది.

చీరాల రెండు శిబిరాలు

చీరాలకు సమష్టి పోరాటం కొత్త కాదు. చీరాల, పేరాలను 1919లో మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచింది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఊరు వదిలి బయట పాకలు వేసుకుని రామనగర్ కట్టుకున్నారు. దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు. తర్వాత ఇళ్లకు తిరిగొచ్చారు.

1985లో కారంచేడు మాదిగలు ఊరు వదిలి అదే చీరాలకు వచ్చారు. వాళ్లు తిరిగి వెళ్లలేదు. చీరాలలో విజయనగర్ కాలనీ వాళ్ల ఊరైంది. సెప్టెంబరు 1న ఇక్కడే దళిత మహాసభ పుట్టింది. బొజ్జా తారకం, కత్తి పద్మారావు దాన్ని నడిపారు. మాలలు, మాదిగలు ఒకే వేదిక మీదికి వచ్చారు.

ప్రయోగాల భాషలో చెబితే, ఎదురుదెబ్బ తగిలే దూరం నుంచి బయటికి రావడంతో నిలదీసే ఖర్చు తగ్గింది. ఊళ్లో ఒంటరిగా బిందె ఎత్తిన మనిషి వెనక ఇప్పుడు శిబిరం, లాయర్లు, పత్రికలు, రాష్ట్రమంతా ఊరేగింపులు ఉన్నాయి. ఉన్నావ్ ఆటలో కనిపించనిది ఇక్కడ కనిపించింది. దళితుల్లో ఐక్యత లేకపోవడం శాశ్వత గుణమే అయితే చీరాల శిబిరం ఉండేది కాదు.

శిక్షలు చివరికి ఖరారు కావడానికి మాత్రం 23 ఏళ్లు పట్టింది. సుప్రీంకోర్టు 2008 డిసెంబరులో ఒక ముద్దాయికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ల చొప్పున జైలు ఖరారు చేసింది. 1991లో చుండూరులో ఎనిమిది మందిని చంపిన కేసులో ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షలను హైకోర్టు 2014లో కొట్టేసింది. నిలదీసిన చేతికి వ్యవస్థ తోడు రాకపోతే తర్వాతి చెయ్యి లేవడం కష్టమవుతుంది.

చట్టం ఎక్కడ పనికొస్తుంది

1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో దళితులు వాడే నీటి వనరును పాడుచేయడాన్ని నేరంగా పెట్టారు. 2015 సవరణ, అంటే 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్నది, సాంఘిక, ఆర్థిక బహిష్కారాన్ని నేరం చేసింది. బాధితుల, సాక్షుల హక్కులకు ప్రత్యేక అధ్యాయం చేర్చింది. మనం పైన చూసిన ప్రయోగాల వెలుగులో ఈ అధ్యాయం ప్రాణం లాంటిది. ఎదురుదెబ్బ భయం పోతేనే సాక్షి నోరు విప్పుతాడు.

ఇంకొన్ని చోట్ల కూడా ఈ ఫలితాలు నేరుగా వాడుకోవచ్చు. తరగతిలో స్కాలర్‌షిప్పుల కోసం కులం పేరు పెట్టి లేపి నిలబెట్టే పద్ధతి మానాలి. ఆ వివరం కాగితం మీద తీసుకుంటే చాలు. జవాబు పత్రాలు పేరు కనపడకుండా దిద్దాలి. ఇంటర్వ్యూ మార్కులకు రాతలో కారణం చూపాలి. హాస్టల్ గదుల కేటాయింపు, క్రీడా జట్లు, ప్రాజెక్టు బృందాలు కులాలవారీగా కాకుండా కలగలపాలి. వాళ్లకు ఉమ్మడి లక్ష్యం ఇవ్వాలి.

ప్రయోగాల హద్దులు

ఈ ప్రయోగాలను వేదవాక్కులా తీసుకోకూడదు. బొమ్మల ప్రయోగంలో ఆడపిల్లలు లేరు. క్రికెట్ లీగుల్లో ఆడవాళ్లు లేరు. నీళ్ల దగ్గర, పొలం దగ్గర కులాన్ని ఎక్కువగా మోసేది దళిత స్త్రీ అయినప్పుడు ఇది చిన్న లోటు కాదు. కులం మీద జరిగిన పెద్ద ప్రయోగాలు ఎక్కువగా ఉత్తరాదివి. మిర్చి, పత్తి కూలీలు, చీరాల మగ్గాలు ఉన్న చోట అవే ఫలితాలు వస్తాయో లేదో ఇక్కడ చేసి చూస్తేనే తెలుస్తుంది. పైగా 2 రూపాయల ఆటలో భూమి ఎవరిదన్న ప్రశ్న ఉండదు. ఆట అయ్యాక ఇద్దరూ ఇంటికెళ్తారు. ఊళ్లో ఆట అయిపోదు.

అయినా వీటి విలువ తక్కువ కాదు. దళితులు చాలాకాలంగా చెబుతున్నదాన్ని ‘అది మీ అనుభవం మాత్రమే’ అని కొట్టేసేవాళ్లకు ఇవి అంకెలతో జవాబిస్తాయి. పిల్లవాడి తెలివి మారలేదు, పైకి చదివిన పేరు మారింది. కూలీ మనసు మారలేదు, పనికి అంటించిన కులం మారింది. కారంచేడు చెరువు దగ్గర సువార్త చేసిన పని ప్రపంచంలో ఏ సమాజమైనా నిలబడటానికి అవసరమైన పని. ఉమ్మడి నీళ్లను కాపాడటానికి ఒకరు ముందుకు రావడం. అలా వచ్చినవాళ్లకు ఊరు, చట్టం, కోర్టు తోడు నిలిచినప్పుడే నమ్మకం గురించి మాట్లాడే అర్హత ఈ సమాజానికి వస్తుంది.